క్యాషియరు కుర్చీలో కూర్చోబోయే అమ్మాయికి

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఆగస్టు నుంచి మీ ఊరి ఎలిమెంటరీ స్కూలు భోజనశాలలో క్యాషియరుగా చేరబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెప్పిందనడం కన్నా వాపోయిందనడం నిజం. ఎంసీఏ చదివిన పిల్ల వర్క్ పర్మిట్ కోసం మూడేళ్ళు ఎదురుచూసి, చివరికి పిల్లల అన్నాల దగ్గర కూర్చోవడమేమిటని దాని బాధ. ఎమ్మెస్సీ పట్టా పెట్టెలో దాచుకొని, తలకు వలటోపీ పెట్టుకొని డల్లాస్ పక్కన ఒక బడిలో 14 ఏళ్ళు అదే పని చేసినదాన్ని కనుక దానికి నా దగ్గర సానుభూతి దొరకలేదు. ఆంధ్రలో బడి భోజనానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుకొని మురిసిపోతున్నాం కదా, మన పిల్ల ఆ పని చేస్తే తలవంపులెలా అవుతాయని అడిగాను. అది ఫోను మీ నాన్న చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

నాకు గర్వంగానే ఉంది, కానీ ఒక భయం కూడా ఉంది. ఆ భయమే ఈ ఉత్తరం రాయిస్తోంది.

జారని అడుగున్న బూట్లు కొనుక్కో. ఉంగరాలు, గాజులు ఇంట్లో పెట్టి వెళ్ళు. పాల పెట్టెలు ఎత్తేటప్పుడు నడుము కాదు, మోకాళ్ళు వంచు. మిగతా పని వారం రోజుల్లో అదే వస్తుంది.

అంత సులువుగా రానిది నీ ముందుండే కంప్యూటరు తెరతో మెలగడం. పిల్లవాడు ట్రే పట్టుకొని వచ్చి తన నంబరు నొక్కగానే వాడి పేరు, ఖాతాలో మిగిలిన డబ్బు నీకు కనిపిస్తాయి. ఉచితంగా తినేవాళ్ళు, తగ్గింపు ధరగా 40 సెంట్లు కట్టేవాళ్ళు, పూర్తి ధర కట్టేవాళ్ళు అందరూ ఒకే వరుసలో వచ్చి అలాగే నంబరు నొక్కుతారు. ఎవరు ఏ రకమో పక్కవాడికి తెలియకూడదని ఫెడరల్ నియమం ఉంది. దానిని నిలిపినా, తుంగలో తొక్కినా నీ నోరే. నా నోరు చేసిన నిర్వాకం చెబుతాను, విను.

అది 2011 ఫిబ్రవరి. నాలుగో తరగతి కుర్రవాడు, మన తెలుగు పిల్లవాడు, నంబరు నొక్కితే తెర మీద 18 డాలర్ల బాకీ కనిపించింది. బాకీ ఒక హద్దు దాటితే వేడి భోజనం ట్రే వెనక్కి తీసుకొని చల్లటి చీజ్ శాండ్‌విచ్ చేతిలో పెట్టాలన్నది అప్పటి మా పద్ధతి. ఒకసారి వడ్డించినది మరొకరికి పెట్టకూడదు కనుక ఆ ట్రేను చెత్తలో వంచాలి. ఆ రోజు ట్రేలో చీజ్ పిజ్జా ముక్క, మొక్కజొన్న గింజలు, కమలా తొనలు ఉన్నాయి. మేనేజరు నా వెనకే నిలబడి ఉంది. నలుగురిలో వాడిని చిన్నబుచ్చకూడదని, ఏదో తెలివైన పని చేస్తున్నాననుకొని, తెలుగులో "అమ్మకు చెప్పి ఖాతాలో డబ్బులు వేయించు నాన్నా, చాలా బాకీ అయింది" అన్నాను. చుట్టూ ఉన్న ఎవరికీ అర్థం కాదని లెక్క వేసుకున్నాను కానీ, వాడికి ఎంత బాగా అర్థమవుతుందో లెక్కలోకి తీసుకోలేదు. ఇంగ్లీషులో అని ఉంటే అది బడి మాటగా బడిలోనే రాలిపోయేదేమో. నేనన్నది, పిల్లలు నిద్రపోయారనుకొని వాళ్ళింట్లో తల్లీతండ్రీ రాత్రిపూట గొంతు తగ్గించి మాట్లాడుకునే భాషలో. వాడు తలెత్తలేదు. ట్రేను నా వైపు తోసి, శాండ్‌విచ్ ముట్టుకోకుండా వెళ్ళి కూర్చొని, గంట కొట్టేదాకా నీళ్ళ సీసా మూత తిప్పుతూ, బిగిస్తూ ఉండిపోయాడు. ఆ ట్రేను నా చేతులతోనే చెత్తలో వంచాను.

మర్నాటి నుంచి వాడు వరుసలోకి రాలేదు. పక్కన డబ్బా కనిపిస్తే ఇంటి నుంచి తెచ్చుకుంటున్నాడనుకొని నేను తేలిక పడ్డాను కూడా. మూడు వారాల తర్వాత, బల్లల దగ్గర పిల్లలను కనిపెట్టుకొని ఉండే ఆవిడ, ఆ డబ్బా తెరవగా తానెన్నడూ చూడలేదని చెప్పింది. కౌన్సెలర్ ఇంటికి ఫోను చేస్తే, తండ్రికి జనవరి నుంచి జీతం ఆగిపోయిందని, ఉచిత భోజనం ఫారం నింపితే వీసాకు చేటని ఎవరో చెబితే నమ్మి మానేశారని తెలిసింది. ఉగాది నాడు గుడిలో ఆ తల్లి నా ముందుకు వచ్చి, "మీరు మా వాడితో తెలుగులోనే అన్నారటగా" అంది. ఇంకేమీ అనలేదు.

అందుకే ఫారం సంగతి నీకు కంఠతా రావాలి. అది ఆగస్టులో మాత్రమే ఇచ్చేదని అందరూ పొరబడతారు. బడి జరిగే ఏడాదిలో ఏ రోజైనా, అప్పటి ఆదాయం రాసి ఇవ్వవచ్చు. ఫెడరల్ పేదరిక రేఖకు 130 శాతం లోపు ఆదాయమైతే ఉచితం, 185 శాతం లోపైతే తగ్గింపు ధర. ఆ ఫారంలో వీసా గురించి ఎక్కడా అడగరు. సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి 4 అంకెలు అడుగుతారు కానీ, సంతకం చేసేవారికి నంబరు లేకపోతే లేదని గుర్తు పెట్టడానికి పక్కనే గడి ఉంటుంది. అయితే ఫారం ఇవ్వకముందు పేరుకుపోయిన బాకీ దానితో చెరిగిపోదు కనుక ఒక్క రోజు ఆలస్యమైనా నష్టమే. నిరుడు ఉచితంగా తిన్న పిల్లలకు కొత్త ఏడాదిలో బడి జరిగే 30 రోజుల వరకే పాత అర్హత నడుస్తుంది. కొత్త ఫారం ఇవ్వని ఇళ్ళ పిల్లలు సెప్టెంబరు చివర ఒక్కసారిగా పూర్తి ధరలోకి జారిపోతారు. అప్పుడు తెర వంక జాగ్రత్తగా చూడు.

ఇంటి నుంచి పెరుగన్నం తెచ్చుకొని పాల డబ్బా ఒక్కటే తీసుకునే పిల్ల, ఉచిత భోజనం పిల్లైనా సరే, ఆ పాలకు డబ్బు కట్టవలసిందే. ట్రేలో పండు గానీ కూర గానీ లేకపోతే లెక్కకు అది భోజనమే కాదు, విడివిడి ధరలు పడతాయి. అటువంటి పిల్లను కసురుకోకుండా, వెనక్కి వెళ్ళి ఒక ఆపిల్ తెచ్చుకోమని నవ్వుతూ పంపు. నీ పర్సులోంచి ఎవరి బాకీ కట్టకు. నేను రెండుసార్లు కట్టి చీవాట్లు తిన్నాను. దానికి దాతల నిధి ఏమైనా ఉందేమో మేనేజరును అడుగు.

నా చిన్నప్పుడు గుంటూరు జిల్లాలో మా ఊరి బడిలో అమెరికా నుంచి వచ్చిన గోధుమరవ్వతో ఉప్మా వండి పెట్టేవారు. కేర్ అనే సంస్థ పంపేది కనుక కేర్ ఉప్మా అనేవాళ్ళం. కంచం పట్టుకొని నిలబడితే చాలు, మీ నాన్న ఏం చేస్తాడని కూడా ఎవరూ అడిగేవారు కాదు. ఆ రవ్వ పంపిన దేశానికే వచ్చి పిల్లవాడి ముందు నుంచి ట్రే లాక్కున్నాను. కరోనా వచ్చిన రెండేళ్ళూ అందరికీ ఉచితంగా పెట్టారు, అప్పుడు తెర వంక చూడవలసిన పనే లేకపోయింది. ఆ సడలింపు 2022 జూన్‌తో ముగిసింది. నేనూ ఆ వేసవిలోనే మానేశాను. మోకాళ్ళ నొప్పులని మీ పెదనాన్నకు చెప్పాను.

క్యాలిఫోర్నియాలోనో మిన్నెసోటాలోనో అయితే పిల్లలందరికీ ఉచితమే కనుక నేనింత బెంగపడేదాన్ని కాదు. మీరున్నది టెక్సస్. ఖాతా ఖాళీ అయిన పిల్లవాడి విషయంలో ఏం చేయాలో 2017 జూలై నుంచి ప్రతి స్కూలు డిస్ట్రిక్టూ, అంటే ఆ ప్రాంతపు బడులను నడిపే సంస్థ, కాగితం మీద రాసి పెట్టుకోవాలి. చేరే ముందే ఆ కాగితం అడిగి తీసుకో. ట్రే వెనక్కి తీసుకోవాలని అందులో ఉందో లేదో, బాకీ మాట తల్లిదండ్రులకే చెప్పాలని ఉందో లేదో చూడాలి. ఫొటో తీసి నాకు పంపు, ఆదివారం ఫోనులో ఇద్దరం కలిసి చదువుదాం.

నీ పెద్దమ్మ