బోదె జరిగింది, మరి హక్కు?

ప్రశ్న: మా పొలానికి నీళ్లు పక్క రైతు చేలోని బోదె (పిల్ల కాలువ) గుండానే వస్తాయి. నాన్న హయాం నుంచీ, అంటే 30 ఏళ్లకు పైగా ఇదే దారి. ఆ బోదె ఆయన పొలంలో ఐమూలగా ఉండేది. ట్రాక్టరు తిప్పడానికి అడ్డమని నాలుగేళ్ల కిందట నన్ను అడిగి దాన్ని పూడ్చేసి, గట్టు వెంబడి కొత్తది తవ్వించాడు. నోటిమాటే, కాగితం లేదు. ఖర్చులో సగం నేనే పెట్టుకున్నాను, మలుపులో సిమెంటు పైపు కూడా వేయించాను. పాతది 120 మీటర్లు, కొత్తది 170. ఇప్పుడు నీళ్లు ఈసురోమంటూ వస్తున్నాయి. పూడిక తీయమంటే ఆయన కొడుకు ‘నీ హక్కు పాత బోదెతోనే పోయింది, ఇది మేం దయతలిచి ఇచ్చింది’ అంటున్నాడు. పాత బోదె నేనే తవ్వించుకోవచ్చా?
– ఒక దిగువ రైతు

జవాబు: వద్దు. పలుగూ పారా పక్కన పెట్టండి. హక్కుకు ఎవరైనా అడ్డం పెట్టినా, ఆ అడ్డును మీ చేత్తో మీరే తీసేయకూడదని 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం (పక్కవాళ్ల భూమి మీదుగా నీళ్లు, దారి లాంటి వాడుక హక్కుల చట్టం) 36వ సెక్షన్ చెబుతోంది. తవ్విన మర్నాడు స్టేషన్‌లో సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

పూడిక విషయంలో కుర్రాడి మాటే రైటు. మీ నీళ్ల కోసం ఉన్న బోదెను బాగుచేయాల్సిన పని పొలం యజమానికి లేదు. ఆ ఖర్చు నీళ్లు వాడుకునేవాడిదే. వాళ్ల పంటకు వీలైనంత ఇబ్బంది లేకుండా దిగి పూడిక తీసుకునే వీలు మీకుంటుంది. తీయకుండా వదిలేసి, బోదె పొంగి వాళ్ల చేను పాడైతే నష్టపరిహారం కూడా మీ నెత్తినే పడుతుంది. దీని మీద గొడవకు దిగకండి, ఓడిపోతారు.

ఇక ‘దయ’ సంగతి. ఎవరి అనుమతీ అడగకుండా, బాహాటంగా, గొడవ లేకుండా, మధ్యలో ఆగకుండా 20 ఏళ్లు వాడుకుంటే అది హక్కవుతుంది. ఏటా వెళ్లి ‘నీళ్లు వదులుకోనా’ అని అడిగి వాడుకుంటే అవ్వదు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దీని దగ్గరే దెబ్బతింటారు. ఆ 20 ఏళ్ల వాడకం దావా వేయడానికి ముందు రెండేళ్ల లోపు దాకా సాగి ఉండాలి. మీ పాత బోదె పూడి నాలుగేళ్లయింది! పైగా మీరు ఒప్పుకున్నాకే పూడ్చారు. అది మళ్లీ కావాలని కోర్టుకెళ్తే, హక్కు వదులుకున్నావుగా అని అవతలి వకీలు మొదట ఇదే పట్టుకుంటాడు.

అందుకే పాతదాన్ని మరిచిపోయి కొత్తదాన్నే గట్టిగా పట్టుకోండి. ఆ పొలంలోంచి మీకు నీళ్లు పారడం ఒక్క పంటకాలం కూడా ఆగలేదు. కొత్తది ఇచ్చారనే మీరు పాతది వదిలారు. సరే, కుర్రాడన్నట్టు ఇది వట్టి అనుమతే అనుకుందాం. అనుమతిని నమ్మి, డబ్బు పెట్టి శాశ్వతమైన పని చేయించినవాడి దగ్గర దాన్ని వెనక్కి తీసుకోవడానికి అదే చట్టం 60వ సెక్షన్ ఒప్పుకోదు. మీ సిమెంటు పైపు ఇక్కడ అక్కరకొస్తుంది. దాని బిల్లు, కూలీలకు ఫోన్‌పేలో వేసిన డబ్బు వివరాలు ఉంటే ఇవాళే తీసి దాచండి.

నీళ్లు ఎందుకు తగ్గాయో కూడా చూద్దాం. తూముకీ మీ మడికీ మధ్య ఎత్తు తేడా మారలేదు, దూరం పెరిగింది. ఆ తేడా 8 సెంటీమీటర్లనుకోండి. పాత బోదెకు వంద మీటర్లకు ఆరున్నర సెంటీమీటర్ల వాలు ఉండేది, కొత్తదానికి ఐదు కూడా లేదు. మట్టి బోదెకు కనీసం ఐదైనా ఉండాలి. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు తీసుకుని, ఆయన్ని కూడా పిలిచి, ఇద్దరూ కలిసి కొలవండి. కొలత కళ్లెదుట ఉంటే మాట పెరగదు. వాలు చాలకపోతే బోదె అడుగు సరిచేసి, కాస్త వెడల్పు చేసి, ఆ మూలను గుండ్రంగా తిప్పండి. మూల తిరిగేచోట నీటి జోరు తగ్గి మట్టి అక్కడే పేరుకుంటుంది. ఇంకా చాలకపోతే పూర్తిగా పైపు వేయడమే. కోతలయ్యాక, చేలు ఖాళీగా ఉన్నప్పుడు పెట్టుకోండి ఈ పని.

ఒక్కటి ముందే తేల్చుకోండి. అది ప్రభుత్వ కాలువ కింద పంట బోదె అయితే మీరిద్దరూ జరుపుకోవడానికి వీల్లేదు. ముందు నీటి వినియోగదారుల సంఘాన్నీ, నీటిపారుదల శాఖవాళ్లనూ కలవాలి.

సొంత భూమిలోదే అయితే ఒప్పందం రాసుకుని రిజిస్టరు చేయించండి. తెల్లకాగితం మీద పెద్దమనుషుల సంతకాలు పెట్టించి ఊరుకుంటే రేపు కోర్టులో నిలవదు. రెండు సర్వే నంబర్లు, బోదె పొడవు, వెడల్పు, లోతు, పూడిక ఖర్చు ఎవరిదో రాసి స్కెచ్ జతచేయండి. ‘పాత బోదెకు బదులుగా’ అన్న మాట, వారసులకూ కొనుక్కున్నవారికీ వర్తిస్తుందన్న మాట తప్పకుండా ఉండాలి.

ఆయన ససేమిరా అంటే మండల న్యాయ సేవల కమిటీకి అర్జీ పెట్టండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు. అక్కడ రాజీ కుదిరితే వాళ్లిచ్చే తీర్పు (అవార్డు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అదీ కాకపోతే, నీళ్లకు అడ్డం పెట్టకుండా కోర్టు ఉత్తర్వు కోరే ఇంజంక్షన్ దావా ఉండనే ఉంది. వేస్తే, కోర్టు తరఫున బోదె చూసి రావడానికి ఒక వకీలును (అడ్వొకేట్ కమిషనర్‌ను) వేయమని అడగండి.

ఏ కాగితమైనా తండ్రి సంతకం ఒక్కదానితో ఆపకండి, కొడుకు చేత కూడా పెట్టించండి. రేపు ఆ పొలం చేసేది అతనే.