పగ్గం లాగేకొద్దీ పరిగెత్తే గుర్రానికి ఇనుము లేని కళ్ళెం పనికొస్తుందా?

మీ గుర్రం తల ఎగరేస్తోందని, పగ్గం లాగితే ఆగకపోగా ఇంకా వేగం అందుకుంటోందని, చుట్టుపక్కలవాళ్ళు ఇంకా గట్టి కళ్ళెం వేయమంటున్నారని రాశారు. నోట్లో ఇనుము లేని కళ్ళెం వేస్తే అసలు మాట వింటుందా అని అడిగారు. వింటుంది. మా చుక్క నాలుగేళ్ళుగా అట్లాగే నడుస్తోంది. కానీ కొత్త కళ్ళెం కొనేముందు దాని నోరు తెరిపించి చూడండి. నేను ఆ పని ఏడాది ఆలస్యంగా చేశాను. ఆ ఏడాదంతా నొప్పి పడింది అది.

మాది చంద్రగిరి పక్కన పల్లె. చుక్క ఎర్రటి ఆడగుర్రం, నుదుట తెల్లమచ్చ ఉంటుంది. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒకాయన దగ్గర కొన్నాను. దాంతోపాటు ఇచ్చిన కళ్ళెంలో నోట్లోకి వెళ్ళే కడ్డీకి ముళ్ళున్నాయి. "ఇది లేకుంటే ఆగదు సార్" అన్నాడాయన. ఆ రోజే దాన్ని తీసేసి, మధ్యలో కీలు ఉండే మామూలు కడ్డీ వేశాను. అయినా మార్పు లేదు. పగ్గం కాస్త బిగిస్తే చాలు, తల పైకెత్తి, వీపు కుంగదీసి, నోరు తెరుచుకుని దౌడు తీసేది.

చూసినవాళ్ళంతా పొగరన్నారు. దెబ్బ పడాలన్నారు. తిరుపతిలో ఒకప్పుడు జట్కా తోలిన ముసలి సాయబు ఒకాయన మాత్రం దాని పెదవి మూల వేలితో మెల్లగా తెరిచి చాలాసేపు చూశాడు. "నాయనా, నోట్లో ఉండేదాన్ని తప్పించుకోవాలని పరిగెత్తతా ఉంది ఇది. అదేమో నోట్లోనే ఉండె. ఇంక యాడ ఆగేది?" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ వారంలోనే తిరుపతి పశువైద్య కళాశాలలో చదువుకున్న డాక్టరుగారిని పిలిపించాను. మత్తు ఇచ్చి, నోరు తెరిచి ఉంచే చట్రం బిగించి, నుదుటికి లైటు కట్టుకుని చూశారాయన. నన్ను కూడా చూడమన్నారు. గుర్రానికి ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య పళ్ళు లేని ఖాళీ చిగురు ఉంటుంది. కడ్డీ కూర్చునేది అక్కడే. పలచటి చర్మం, దాని కిందే ఎముక. చుక్కకు అక్కడ రెండువైపులా గట్లు కట్టినట్టు పాత మచ్చలున్నాయి. పైదవడలో మొదటి దవడ పన్నుకు ముందు చిక్కుడు గింజంత పన్ను ఒకటుంది, ఇంగ్లీషులో వుల్ఫ్ టూత్ అంటారట. కడ్డీ కదిలినప్పుడల్లా దానికి తగిలి ఉంటుంది. దవడ పళ్ళ బయటి అంచులు కత్తిలా తేలి, బుగ్గ లోపల పుండు పడింది. గుర్రం పళ్ళు ఏళ్ళ తరబడి పైకి వస్తూనే ఉంటాయి, పైదవడ కిందిదానికంటే వెడల్పు. అందుకే అరుగుదల సమంగా ఉండక అంచులు తేలతాయి. డాక్టరుగారు ఆకురాయితో ఆ అంచులు రాస్తుంటే తెల్లటి పొడి నా చేతుల మీద రాలింది. అది కాలిన కొమ్ము వాసన వేసింది. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది నాకు.

చిన్న పన్ను పీకేశారు. మూడు వారాలు ఎక్కొద్దన్నారు. అప్పుడే ఇనుము లేని కళ్ళెం తెప్పించాను. ఆన్‌లైన్‌లో వచ్చింది పెద్ద గుర్రాల సైజు, చుక్క ముక్కు మీద గాజులా తిరిగింది. పంపిన డబ్బు తిరిగి రావడానికి నెలన్నర పట్టింది. చివరికి మా ఊరి చెప్పులు కుట్టే అన్న ముక్కుపట్టీ కుట్టి, లోపల మెత్తటి ఫెల్టు వేసి, రెండు బుగ్గల దగ్గర రింగులు పెట్టిచ్చాడు. దీన్ని సైడ్‌పుల్ అంటారు. ఎడమ పగ్గం లాగితే ముక్కు ఎడమకు తిరుగుతుంది, అంతే. దవడ కింద పట్టీలు అడ్డంగా దాటే రకం ఇంకోటుంది. మూడోది మెకానికల్ హ్యాకమోర్. పక్కన పొడుగాటి ఇనుప కాడలుంటాయి, నోట్లో ఏమీ ఉండదు కాబట్టి మెత్తనిదని అమ్ముతారు. నమ్మకండి. ఆ కాడలు మన చేతి బలాన్ని కొన్ని రెట్లు చేసి ముక్కు ఎముక మీద పెడతాయి.

మొదటి పది రోజులు ఎక్కలేదు. పక్కన నిలబడి నడిపించాను. పగ్గం మెల్లగా పట్టుకోవడం, అది ఆగీ ఆగగానే వదిలేయడం. ఆ వదలడమే దానికి పాఠం. నాలుగో రోజు ఎండిన చెరువులో, పగ్గం పట్టగానే ఆగి, తల కిందికి దించి, ముక్కులోంచి పొడుగ్గా గాలి వదిలి, పెదవులు నాక్కుంది. ఏడాదిలో నేను చూడని పని అది.

ఎక్కిన తర్వాత ఒకసారి మాత్రం నా ప్రాణం మీదికి వచ్చింది. చెరకు ట్రాక్టరు వెనకనుంచి పాటలు పెట్టుకుని వచ్చింది. చుక్క బెదిరి పక్కనున్న తోతాపురి తోటలోకి దూరింది. కొమ్మలు కిందికి ఉన్నాయి, నేను మెడ మీద వాలిపోయాను. రెండు పగ్గాలూ కలిపి లాగితే ఏమీ కాలేదు. అప్పుడు ఎడమ పగ్గం ఒక్కటే మోకాలి దాకా మెల్లగా తెచ్చాను. ముక్కు తిరిగింది, వెనకే ఒళ్ళు తిరిగింది, మామిడి చెట్టు చుట్టూ మూడు చుట్లు తిరిగి నిలబడింది. ఇది ముందు నడకలో వందసార్లు నేర్పి ఉంచండి.

పట్టీ మరీ కిందికి కట్టకండి. మొదట్లో నేను కట్టాను, వెంట్రుకలు ఊడాయి, ఊపిరి శబ్దం వచ్చింది. గుర్రం ముక్కుతోనే గాలి పీలుస్తుంది, నోటితో పీల్చలేదు. బుగ్గ ఎముక అంచుకు రెండు వేళ్ళ కింద, గట్టి ఎముక మీద ఉండాలి పట్టీ. లోపల రెండు వేళ్ళు దూరాలి.

"నోట్లో ఇనుము లేకుంటే గుర్రానికి భయం ఉండదు" అనేవాళ్ళ మాట చెవిన పెట్టకండి. అంతర్జాతీయ జంపింగ్ పోటీల్లోనే ఇనుము లేని కళ్ళేలకు అనుమతి ఉంది. ముళ్ళ కడ్డీ సంగతైతే, 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే వాడకూడదని ఉంది. బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రాత్రి స్వామి అశ్వవాహనం మీద వస్తుంటే చేతులెత్తి మొక్కుతాం. ఆ మర్నాడే పెళ్ళిలో, డీజే బాక్సుల పక్కన, నోటి మూలల్లో రక్తం కారే గుర్రం మీద వరుణ్ణి కూర్చోబెడతాం. నాకు కడుపు తరుక్కుపోతుంది. ముహూర్తాల సీజన్లో రేణిగుంట రోడ్డులో ఏ సాయంత్రమైనా కనిపిస్తుంది.

మీరైతే రోడ్డెక్కడానికి తొందరపడకండి. కంచె ఉన్నచోట కనీసం రెండు మూడు నెలలు తిప్పండి, పళ్ళు ఏడాదికొకసారి చూపించండి. చుక్కను చిత్తూరు హైవే వైపు తీసుకెళ్ళడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ఇప్పటికీ లారీ హారన్ కొడితే దాని చెవులు వెనక్కి పోతాయి. తల మాత్రం ఎగరేయదు.