మౌంట్ కట్టర్‌లో మూలలు శుభ్రంగా రావాలంటే ముందు ఓవర్‌కట్ నంబర్లు ముట్టుకోకండి

బ్లేడు కొత్తదే, అయినా కంప్యూటర్ మౌంట్ కట్టర్‌లో (పటంలో ఫొటో చుట్టూ ఉండే అట్ట చట్రాన్ని, అంటే మౌంట్‌ని, కోసే మెషిన్) ఒక మూల గీత దాటి కోసుకుపోతోంది, ఎదురు మూల తెగక పీచు పట్టుకుని వేలాడుతోంది, ఓవర్‌కట్ (మూల దగ్గర బ్లేడు గీత దాటి ఎంత వెళ్లాలో చెప్పే సెట్టింగు) ఎంత పెట్టాలి అన్నది మీ ప్రశ్న. నంబరు చెప్పి లాభం లేదండీ. నా మెషిన్‌కి సరిపోయింది మీదానికి సరిపోదు. కానీ అచ్చం ఇదే తలనొప్పి నేనూ పడ్డాను కాబట్టి ఆ సంగతి చెబుతాను.

విజయవాడలో మాది పటాలు కట్టే షాపు. నాన్న ఇనప స్కేలు, బ్లేడు పెట్టి చేత్తోనే మౌంట్లు కోసేవారు. మెషిన్ కొన్నాక నాకు కాస్త పొగరు వచ్చింది, ఏ తేడా వచ్చినా సాఫ్ట్‌వేర్‌లోనే సరిచేయొచ్చని. కుడి పై మూల దాటిపోతుంటే లోతు తగ్గించాను. అది బాగుపడింది కానీ ఎడమ కింది మూల తెగడం మానేసింది. దానికి ఓవర్‌కట్ పెంచితే మిగతా మూడూ చెడ్డాయి. రెండు రోజులు, మూడు పెద్ద షీట్లు చెత్తబుట్టకి.

చివరికి బెడ్ (మెషిన్ బల్ల) మీద, కోసే బోర్డు కింద వేసిన అడుగు బోర్డు తీసి చూస్తే, దాని కింద ఒక మూల పాత డబుల్ సైడ్ టేపు ముద్ద! అక్కడ బోర్డు పైకి లేచి ఉండటంతో బ్లేడు లోతుగా దిగుతోంది. ఆ ఒక్క మూల కోసం నేను లోతు తగ్గిస్తే, చదునుగా ఉన్న మూల అందకుండా పోయింది.

మీదీ అదేనా అని తేల్చుకోవడం తేలిక. 100 మి.మీ. చదరం ఒకటి కోయండి. అదే చదరాన్ని బెడ్ మీద ఇంకో చోట కోయండి. తప్పు వేరే మూలకి మారితే, లేదా మాయమైతే, లోపం బెడ్‌దే, సెట్టింగులది కాదు. రెండు చోట్లా అదే మూల చెడితే అప్పుడు సెట్టింగుల జోలికి వెళ్లండి.

అడుగు బోర్డు ఎన్నాళ్ల నుంచి మార్చలేదో కూడా చూసుకోండి. పాత గాట్లలో బ్లేడు మొన పడితే అటే లాక్కుపోతుంది, మూల దగ్గర గీత కొక్కెంలా వంకర తిరుగుతుంది. నేను వారానికోసారి మారుస్తాను, పెళ్లిళ్ల సీజన్‌లో ఇంకా ముందే.

తర్వాత లోతు. మామూలు మౌంట్ బోర్డు మందం దాదాపు 1.4 మి.మీ. బ్లేడు 45 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి బోర్డులో సుమారు 2 మి.మీ. ఏటవాలుగా దిగాలి. అడుగు బోర్డు మీద సన్నటి గీత పడితే చాలు, గాటు పడిందంటే ఎక్కువైనట్టే. లోతు మారిస్తే ఓవర్‌కట్ కూడా మారిపోతుంది, అందుకే లోతు తేలకుండా దాన్ని కదపకూడదు. వానాకాలంలో మా దగ్గర బోర్డు తేమ పీల్చి కాస్త ఉబ్బుతుంది, వంగుతుంది కూడా. జూలైలో నేను మళ్లీ టెస్టు చేస్తాను.

ఓవర్‌కట్ ఆఖరున. ప్రతి మూలలో ఒక కోత ముగుస్తుంది, ఇంకోటి మొదలవుతుంది. మెషిన్ ఏ వైపు నుంచి కోస్తోందో చూసి బోర్డు వెనక పెన్సిల్‌తో బాణాలు వేసుకోండి. అన్ని మొదళ్లూ దాటుతుంటే స్టార్ట్ విలువ, అన్ని చివర్లూ దాటుతుంటే ఎండ్ విలువ మార్చండి. ఒకసారికి ఒక్కటే, 0.1 మి.మీ. మించకుండా. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏమైందో మీకే అర్థం కాదు. టెస్టుకి చవక బోర్డే వాడండి గానీ, మందం మాత్రం అదే ఉండాలి.

ఈలోగా డెలివరీ టెన్షన్ ఉంటే, తెగని మూలని లాగొద్దు, కాగితం చిరుగుతుంది. వెనక నుంచి కొత్త బ్లేడు మొనతో కోసి విడదీయండి. కొంచెం దాటిన గీత మీద తెల్ల కాగితం పెట్టి చెంచా వీపుతో రుద్దితే చాలావరకు మూసుకుపోతుంది. నల్ల మౌంట్ మీద మాత్రం కనిపిస్తూనే ఉంటుంది, దానికి వేరే ముక్క కోయాల్సిందే.