డ్రెయిన్ బోల్టుకు ముందు వేళ్లు, తరువాత పానా

చిరంజీవి మేనల్లుడికి,
పర్లాకిమిడి నుంచి మామయ్య ఆశీస్సులు.

గుణుపురంలో నీ షెడ్డుకు వచ్చిన బండికి ఆయిల్ మారుస్తుంటే, ఇంజన్ అడుగున పాత ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టు మర పోయిందని అమ్మ చెప్పింది. కుంగిపోకు. బోల్టు ఉక్కుది, ఇంజన్ అడుగు అల్యూమినియం, అరిగేది అడుగే. నీకు ముందు నలుగురు తలా కాస్త లాగి వదిలి ఉంటారు, చివరి పుణ్యం నీకు దక్కింది.

బిగించేటప్పుడు ముందే పానా పట్టకు. బోల్టును వేళ్లతో ఆనించి, విప్పుతున్నట్టు ఎడమకు తిప్పు. ఒకచోట టక్కుమని దిగుతుంది, మర మొదలు అదే. అక్కడి నుంచి కుడికి తిప్పు. మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే ఎక్కాలి. పట్టేస్తే బలం చూపించకుండా విప్పి, తుడిచి మళ్లీ పెట్టు.

వాషరు ప్రతిసారీ కొత్తదే వెయ్యి. పాతది నలిగి ఉంటుంది కాబట్టి చుక్క కారుతుంది, కారుతోందని ఇంకో పట్టు పడతాం, మర లేస్తుంది. ఆ బండికీ అదే జరిగిందని నా అనుమానం.

బిగువు ఎంతో బండి పుస్తకంలో ఉంటుంది. 25 న్యూటన్ మీటర్లు అని ఉంటే, జానెడు పానా చివర పాతిక కిలోల బియ్యం బస్తాలో సగం బరువు వేలాడినంత. అంతే! పానాకు పైపు తొడిగే అలవాటుంటే మానుకో. బిగుస్తూ వచ్చిన పానా ఉన్నట్టుండి తేలికైతే మర పోయినట్టే, ఆపెయ్యి.

పోయిన మరకు టేపు చుట్టి పంపకు. వయసులో ఉండగా నేనూ అలా ఒక బండి పంపాను. సెరంగో కొండదారిలో బోల్టు రాలి, ఆయిలంతా పోయి ఇంజన్ పట్టేసింది. పిస్టన్, సిలిండర్ ఖర్చు నాదే. పెద్ద బోల్టు దించడం కూడా నాకు నచ్చదు, తరువాతివాడికి అల్యూమినియం మిగలదు.

హెలికాయిల్ వెయ్యి, అంటే పోయిన మర చోట కొత్త మరగా కూర్చునే తీగ చుట్ట. కిట్టుతో చెప్పిన సైజు డ్రిల్లే వాడి, నిటారుగా దించు. తరువాత మర కోసే ట్యాపు గాళ్లలో గ్రీజు నింపితే తురుము దానికే అంటుకుంటుంది. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ, మధ్యలో తీసి తుడువు. ఆ మరలోకి ఎక్కించిన కాయిల్ రంధ్రం అంచుకు ఒక చుట్టు లోపలే ఆగాలి, లేకపోతే వాషరు కూర్చోదు. కాయిల్‌ను తిప్పడానికి దాని చివర ఉండే కొక్కెం విరిచాక ఆ ముక్క నీ చేతికి రావాలి, రాకపోతే వెతుకు. అల్యూమినియం తురుమును అయస్కాంతం లాగదు. అందుకే బోల్టు పెట్టకుండానే పైనుంచి గ్లాసుడు ఆయిల్ పోసి, కిందికి శుభ్రంగా వచ్చేదాకా వదులు.

తరువాత కొత్త ఆయిల్ పోసి, పది నిమిషాలు ఇంజన్ నడిపి, రాత్రికి బండి కింద అట్టముక్క పరువు. పొద్దున్న దాని మీద చుక్క కనిపించకపోతేనే తాళం ఇవ్వు.

మామయ్య