పాచి పీకడం కాదురా, ముందు నీళ్లు చూసుకో

ఒరేయ్ చిన్నీ,

నీ చేపల ట్యాంకు ఫోటోలు చూశాను. రాళ్ల మీద పచ్చగా జుట్టులా ఊగుతున్నది హెయిర్ ఆల్గే అనే పాచే, అనుమానం లేదు. దానికే ట్యాంకు అమ్మేస్తానంటే ఎలా? ఉప్పునీళ్ల ట్యాంకు పెట్టినవాడెవడైనా ఎప్పుడో ఒకప్పుడు ఈ పాచితో వేగాల్సిందే.

ఇంతకీ ఆవిరైపోయిన నీళ్లకి బదులు రోజూ ట్యాంకులో ఏం నీళ్లు పోస్తున్నావు? వంటింటి ఆర్వో నీళ్లే అయితే సగం రోగం అక్కడే ఉంది. నేనూ మొదట్లో అదే పని చేశాను. ఆరు నెలలు బ్రష్ పట్టుకుని రాళ్లు తోమీ తోమీ, ఒకరోజు ఊరికే ఆ ఆర్వో నీళ్లలో టీడీఎస్ మీటర్, అదే నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది, ముంచితే 70 చూపించింది. తాగే ఆర్వోల్లో రుచి కోసం కొన్ని మామూలు నీళ్లు తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది చూడు, మా ఇంట్లో బోరు నీళ్లు అలాగే కలిసిపోతున్నాయి. మనకది మంచిదే, ట్యాంకుకి కాదు. ఆవిరయ్యేది ఒట్టి నీరు, అందులో ఉన్న నైట్రేట్, సిలికేట్ ఎక్కడికీ పోవు, నువ్వు పోసిన ప్రతి చెంబుతోనూ ఇంకాస్త పేరుకుంటాయి. ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెజిన్ ఫిల్టర్ పెట్టించు, మీటర్ సున్నా చూపించాలి, 1 దాటితే రెజిన్ మార్చెయ్.

టెస్ట్ కిట్‌లో నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా, మరి పాచి ఏం తిని బతుకుతోంది బాబాయ్ అని అడిగావు కదా. నీళ్లలోకి వచ్చింది వచ్చినట్టు అదే తినేస్తోంది, నీ కిట్‌కి మిగిలితే కదా చూపించడానికి! మేత కూడా తగ్గించు. రెండు క్లౌన్ చేపలకి ఫ్రోజెన్ మేత క్యూబ్ మొత్తం ఎందుకురా? గిన్నెలో కరగనిచ్చి, టీ వడకట్టే జల్లెడలో పోసి, ఆ రసం పారబోసి, చిటికెడు వెయ్యి.

ఇక పీకడం. నీళ్లు మార్చే రోజునే పెట్టుకో. సైఫన్ పైపు మూతి పాచికి ఆనించి, రెండో చేత్తో కుదురు దగ్గర పట్టి మెలితిప్పి లాగు, ఊడింది ఊడినట్టు బకెట్‌లోకి పోవాలి, లేకపోతే ఆ ముక్కలే ఇంకో రాయి మీద కొత్త కాపురం పెడతాయి. బయటికి వచ్చే రాయి అయితే తీసిన ట్యాంకు నీళ్లలోనే ఉంచి టూత్ బ్రష్‌తో తోము, తర్వాత రాయి పైకెత్తి, మిగిలిన పాచి మీద మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు వేసి రెండు నిమిషాలు ఆగి, ఉప్పునీళ్లలో జాడించి పెట్టెయ్. పగడాలకి తగలనివ్వకు. ఆ రాయి మీద పగడాల చుట్టాలైన జోయాంథిడ్లు ఉంటే మాత్రం దాని జోలికే పోకు, వాటిలో కొన్ని రకాలకి గట్టి విషం ఉంటుంది.

పాచి తినే టర్బో నత్తల్ని తెచ్చేది ఇదంతా అయ్యాకే. పొట్టిగా ఉన్న పాచినే అవి గీక్కుని తింటాయి, జానెడు జుట్టు వాటి వల్ల కాదు. ఇరవై ఒకేసారి తేకు, మేత అయిపోయాక ఆకలితో చస్తాయి. మంచినీళ్ల ట్యాంకుల పాచి మందు అసలే పొయ్యకు, రాగి ఉన్నదైతే నత్తలూ రొయ్యలూ ఒక్కటి మిగలవు.

ఫాస్ఫేట్ రిమూవర్ వెయ్యాలనిపిస్తే డబ్బా మీద రాసినదాంట్లో సగంతో మొదలుపెట్టు. ఒక్కసారిగా నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి లాగేస్తే డైనోలు, అంటే డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు దిగుతాయి, బుడగలతో గోధుమరంగు చీమిడిలా, అప్పుడు ఈ హెయిర్ ఆల్గేనే నయమనిపిస్తుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. నేనైతే నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం అటూఇటూగా ఉండనిస్తాను. లైటు రోజుకి ఏడు గంటలు చాలు, అందులో తెల్ల వెలుతురు తగ్గించు.

రెండు మూడు నెలలు పడుతుంది, మధ్యలో ఒకసారి మళ్లీ పెరిగినట్టు కనిపిస్తుంది, కంగారుపడి ఇంకేదో సీసా కొనకు. రేపు పొద్దున్నే మీ ఆర్వో నీళ్లలో మీటర్ ముంచి ఫోటో పంపు.

బాబాయ్