చేత్తో చేసిన సైకిల్ ఫ్రేముకు అంత డబ్బు పెట్టాలా?

మనిషి కొలతలు తీసుకుని చేత్తో చేసే విదేశీ ఫ్రేములకు లక్షలు పోయడం దండగ కాదా అని ఒకరు నన్ను అడిగారు. కాదు. నాకు ఆ సంగతి తిరుపతిలోనే తెలిసింది.

మా నాన్న రోజూ చంద్రగిరి నుంచి తిరుపతికి సైకిల్ మీద పాలు వేసేవారు. ఆయన పొట్టి మనిషి, సైకిలేమో 24 అంగుళాల పెద్ద ఫ్రేముది. కొట్టులో అదే ఉందని అదే అంటగట్టారు. ఇప్పుడు గేర్ల సైకిళ్లు అమ్మేవాళ్లూ రంగు అడుగుతారు తప్ప కాలి పొడవు అడగరు! క్యాన్ల బరువుకు ఒకరోజు సీటు కింది గొట్టం పగిలింది. గేట్లు చేసే కొట్టులో కరెంటు వెల్డింగ్ పెట్టిస్తే వారంలోనే అతుకు పక్కన విరిగి పాలన్నీ రోడ్డు పాలయ్యాయి.

అప్పుడు గాంధీ రోడ్డు వెనక సందులో ఒక ముసలాయన దగ్గరికి వెళ్లాం. ఆయన ముందు సైకిల్ చూడలేదు. నాన్నను గోడకు ఆనించి నిలబెట్టి, తాడుతో కాలు కొలిచారు. "ఇది నీ సైకిల్ కాదు నాయనా" అన్నారు. గొట్టం రెండంగుళాలు కోసి, పైగొట్టం కొసను దాని ఒంపులో సరిగ్గా కూర్చునేదాకా ఆకురాయితో అరగదీశారు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని, మధ్యలో సన్నని వెలుగు గీత కనిపించినా మళ్లీ అరగదీసేవారు. తర్వాత వెలిగారం అద్ది, గ్యాస్ మంటతో ఇత్తడి కరిగించి పోశారు. ఇత్తడి ఉక్కు కంటే తక్కువ వేడికే కరుగుతుంది కాబట్టి పలచని గొట్టం చెడదు.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో రేనాల్డ్స్ కంపెనీ వారు 1897లో కొసల్లో మందం, నడుమ పలచన ఉండే గొట్టానికి పేటెంట్ తీసుకున్నదీ ఈ అతుకు చోటు బలం కోసమే. ఇటలీలో మిలాన్ దగ్గర కాంబియాగోలో, సైకిల్ ఫ్రేములకు పేరుపడ్డ ఎర్నెస్టో కొల్నాగో 1954లో మొదలుపెట్టిందీ చిన్న కొట్టే. జపానులో 1948లో మొదలైన కేరిన్ అనే సైకిల్ పందేల వల్ల అక్కడ ఉక్కు ఫ్రేముల పనివాళ్లు నేటికీ బతుకుతున్నారు. వాళ్లకు పందేలు, మనకు పాల క్యాన్లు. పని ఒక్కటే. వాళ్ల పేర్లు ఫ్రేము మీద ఉన్నాయి, మా ముసలాయన పేరు ఎవరూ ఎక్కడా రాయలేదు. అదే నా బాధ.

ఆ సైకిల్ నా దగ్గరే ఉంది. మూడుసార్లు రంగు వేయించాను. ఆ ఇత్తడి అతుకు మీద మాత్రం వేయనివ్వలేదు.