సమాధానం: చెల్లి చేతి మీద గాయాల గురించి

చెల్లి తన చేతిని తనే గాయపరచుకుంటోందని తెలిసి తిట్టానని చెప్పి, "ఇదంతా అందరి దృష్టిలో పడాలనేనా?" అని అడిగారు కదా. కాదండీ. చాలామంది దాన్ని దాచుకుంటారు. ఎవరైనా చూపించినా అది సాయం అడగడమే.

నేనూ కొన్నేళ్లు ఇలా చేసుకున్నదాన్నే. లోపలి బాధ తట్టుకోలేనంతగా పెరిగినప్పుడు, ఒక్కోసారి ఏమీ అనిపించక మొద్దుబారిపోయినప్పుడు చేసేదాన్ని. కాసేపు ఊరటలా ఉండేది, తర్వాత సిగ్గు. ఆ సిగ్గే మళ్లీ అక్కడికి లాక్కెళ్లేది. అందుకే తిట్లు పనిచేయవు. "ఇంకెప్పుడూ చేయనని ఒట్టు వెయ్యి" అని కూడా అనకండి, ఒట్టు తప్పిన రోజు మీకు అసలే చెప్పదు. "అంతకుముందు ఏమైంది?" అని అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినండి.

చాలాసార్లు ఇది చావాలని చేసేది కాదు. అయినా ఆ ప్రమాదం ఉంటుంది కాబట్టి "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునన్నా, గాయం లోతుగా ఉన్నా ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవేవీ లేకపోయినా సైకాలజిస్ట్‌నో సైకియాట్రిస్ట్‌నో కలవండి. అమెరికన్ సైకాలజిస్ట్ మార్షా లినెహాన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మానసిక చికిత్స, ఉద్వేగం ముంచెత్తినప్పుడు దాన్ని దాటే పద్ధతులు నేర్పుతుంది. తను ఒప్పుకుంటే మొదటిసారి మీరూ వెంట వెళ్లండి.